ఎమ్డెన్ ఓడ

మీలో కోనసీమ పిల్లలకు ఓడలరేవు తెలిసే ఉంటుంది. గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఆ ఊరి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ ఊరిని చూడనివాళ్ళకు కూడా పేరు వినగానే ఓడలు గుర్తు రాక మానవు గదా!

ఒకసారి అక్కడి ఇసుకలో నిలబడి సముద్రంకేసి చూడండి. నీరూ ఆకాశమూ కలిసినట్టుండే గీత ఎంత దూరంలో ఉన్నదనుకుంటున్నారు? వంద మైళ్ళా? యాభై మైళ్ళా? కాదు. నాలుగడుగుల ఎత్తు నుంచి చూసే పిల్లవాడికి ఆ గీత సుమారు రెండున్నర మైళ్ళ దూరంలోనే ఉంటుంది. భూమి గుండ్రంగా ఉన్నది గనక అంతకు అవతలి నీరు కిందికి వంగిపోయి కంటికి ఆనదు. అదే ఓడ స్తంభం మీద, నీటికి నూరడుగుల ఎత్తున కూర్చున్నవాడికి పన్నెండు మైళ్ళ దాకా కనిపిస్తుంది. దూరపు ఓడ కనబడకపోయినా దాని పొగ ముందుగా కనబడుతుంది. ఎందుచేతనంటే పొగ పైకి లేస్తుంది గదా!

ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. 1914 సెప్టెంబరు నెలలో ఈ బంగాళాఖాతంలోనే, ఒడ్డున ఉన్నవాళ్ళెవరికీ కనబడకుండా, ఒక్క యుద్ధనౌక తిరిగింది. తాను ఎవరికీ కనబడకుండా ఇతర ఓడల పొగలను వెతుక్కుంటూ తిరిగింది. దాని పేరు చెబితే కలకత్తా మొదలు కొలంబో దాకా రేవులన్నీ వణికిపోయినవి. ఆ ఓడ పేరు ఎమ్డెన్.

ఓడ పుట్టుక

జర్మనీలో ఎమ్స్ అనే నది సముద్రంలో కలిసేచోట ఎమ్డెన్ అనే పట్టణం ఉన్నది. ఆ ఊరి పేరే ఓడకు పెట్టారు. డాన్జిగ్ ఓడల కార్ఖానాలో తయారై, 1908 మే 26న అది జలప్రవేశం చేసింది. 1909 జులైలో కొలువులో చేరింది.

యుద్ధనౌకల్లో అది తేలిక క్రూజరు అనే రకానికి చెందింది. పెద్ద యుద్ధనౌకలు కోటల వంటివి. వాటికి మందమైన ఉక్కు కవచం, చాలా పెద్ద ఫిరంగులు ఉంటవి. తేలిక క్రూజరు గుర్రపు రౌతు వంటిది. దాని కవచం పలచన, ఫిరంగులు చిన్నవి, కాని పరుగు ఎక్కువ. శత్రువుల జాడ తీయటం, వ్యాపారపు ఓడలను పట్టుకోవటం, తనకన్నా బలమైన ఓడ ఎదురైతే తప్పించుకుపోవటం దాని పనులు.

ఎమ్డెన్ పొడవు సుమారు 118 మీటర్లు. దాని మీద 10 ఫిరంగులుండేవి. ఒక్కొక్క ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు పదిన్నర సెంటీమీటర్లు. నీటి కింద పరుగెత్తి పోయి పేలే టార్పెడోలను వదిలే గొట్టాలు రెండుండేవి. పైన మూడు పొగగొట్టాలుండేవి. ఆ మూడు అన్న మాట మరిచిపోకండి, దానితో ముందు పని ఉన్నది!

1910లో ఆ ఓడ జర్మనీ విడిచి చైనాకు వచ్చింది. చైనా తీరాన త్సింగ్‌టావ్ అనే రేవు అప్పట్లో జర్మనుల చేతిలో ఉండేది. ఎమ్డెన్ అక్కడి జర్మన్ నౌకాదళంలో చేరింది. తెల్లని రంగుతో అందంగా ఉండటంచేత దానిని ‘తూర్పు హంస’ అనేవారు. 1913లో కార్ల్ ఫాన్ ముల్లర్ అనే ఆయన దానికి కెప్టెన్ అయ్యాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఈ కథలో ఓడ ఎంత ముఖ్యమో ఆయనా అంత ముఖ్యం.

ఒంటరి వేట

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్, ఫ్రాన్సు, రష్యాలు ఒకవైపు, జర్మనీ మరొకవైపు. తూర్పు సముద్రాల్లో జర్మనీకి ఉన్న ఓడలు కొద్ది. శత్రువులకు చాలా ఉన్నవి. అందుచేత జర్మన్ దళాధిపతి తన ఓడలను తీసుకుని పసిఫిక్ సముద్రం మీదుగా తూర్పుకు పోవటానికి నిశ్చయించాడు. అప్పుడు ముల్లర్, “నన్ను ఒంటరిగా హిందూ మహాసముద్రానికి పోనివ్వండి,” అని అడిగాడు. అనుమతి దొరికింది. ఎమ్డెన్‌కు తోడుగా బొగ్గు మోసుకుపోయే మార్కొమానియా అనే ఓడను ఇచ్చారు.

బొగ్గు ఓడ ఎందుకంటారా? ఎమ్డెన్ ఆవిరి యంత్రాలు పన్నెండు బాయిలర్ల మీద నడిచేవి. వాటికి బొగ్గే ఆహారం. బొగ్గు నిండుగా ఎక్కించుకుని, గంటకు 12 నాట్ల వేగంతో నెమ్మదిగా పోతే, ఆ ఓడ సుమారు 3,700 సముద్రపు మైళ్ళు పోగలదు. కాని తొందరపడితే చిక్కే! ఓడ వేగం రెట్టింపు చేయాలంటే యంత్రం బలం రెట్టింపు చేస్తే చాలదు. నీరు అడ్డుపడే తీరు అటువంటిది. రమారమి ఎనిమిది రెట్ల బలం కావాలి. అంటే గంటకు ఎనిమిది రెట్ల బొగ్గు! అందుచేత ఎమ్డెన్ మెల్లగా తిరిగేది. అవసరం వచ్చినప్పుడే పరుగెత్తేది. తనకంటూ ఒక్క రేవు కూడా లేని సముద్రంలో బొగ్గు అయిపోతే ఇక ఆ ఓడ పని సరి.

ముల్లర్ మరొక ఉపాయం చేశాడు. బ్రిటిష్ వారి యార్‌మత్ వంటి క్రూజర్లకు నాలుగు పొగగొట్టాలుండేవి. ముల్లర్ మనుషులు కొయ్య, గుడ్డ కలిపి దొంగ పొగగొట్టం ఒకటి తయారు చేసి నిలబెట్టారు. దూరం నుంచి చూసిన వాళ్ళు, “ఓహో, ఇది మన బ్రిటిష్ ఓడే!” అనుకునేవాళ్ళు. దగ్గరికి వచ్చాక జర్మన్ జెండా పైకి లేచేది.

సెప్టెంబరు మొదట్లో ఎమ్డెన్ బంగాళాఖాతంలో ప్రవేశించింది. కలకత్తాకూ కొలంబోకూ మధ్య ఓడలు పోయే దారి మన తూర్పు తీరానికి ఎదురుగా పోతుంది. సెప్టెంబరు 10న పాంటొపోరస్ అనే గ్రీకు ఓడ దొరికింది. దాని నిండా బొగ్గే! అది బ్రిటిష్ వారి సరుకు గనక ముల్లర్ దానిని స్వాధీనం చేసుకున్నాడు. అదే రోజు ఇండస్ అనే బ్రిటిష్ ఓడ చిక్కింది. అందులో సబ్బులు కుప్పలుగా ఉన్నవి. అంతకుముందే ఎమ్డెన్‌లో సబ్బు కరువు వచ్చింది. బొగ్గు మోసి నల్లబడ్డ నావికులకు అంతకన్న ఏం కావాలి?

ఆ తరవాత నాలుగు రోజుల్లో లొవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబాక్, క్లాన్ మాథెసన్ అనే ఓడలు ఒకదాని వెనక ఒకటి చిక్కి మునిగిపోయినవి. డిప్లొమాట్ నిండా తేయాకు ఉన్నది. క్లాన్ మాథెసన్‌లో మోటారు కార్లు, రైలింజన్లు ఉన్నవి. అన్నీ సముద్రం పాలైనవి.

మనుషులు మాత్రం సముద్రం పాలు కాలేదు. ఈ ఓడ కథలో విశేషమంతా అక్కడే ఉన్నది. ముల్లర్ పద్ధతి ఎప్పుడూ ఒక్కటే. ముందు ‘ఆగండి, వైర్‌లెస్ వాడకండి’ అని సంకేతం ఇచ్చేవాడు. తన మనుషులను పడవలో పంపి కాగితాలు చూసేవాడు. ఓడ యుద్ధంలో లేని దేశానిదైతే వదిలేసేవాడు. శత్రువుదైతే అందులోని ప్రతి మనిషినీ సామానుతో సహా దింపించి, ఆ తరవాతనే ఓడను ముంచేవాడు.

కబింగా అనే ఓడ దొరికినప్పుడు దాని కెప్టెన్ భార్య, బిడ్డ అందులో ఉన్నారు. ముల్లర్ ఆ ఓడను ముంచలేదు. అంతవరకు పట్టుబడ్డవాళ్ళందరినీ అందులోకి ఎక్కించి కలకత్తాకు పంపేశాడు. ఆ ఓడ కదిలిపోతూ ఉంటే, ఓడలు పోగొట్టుకున్న ఆ నావికులే ఎమ్డెన్ వైపు చూసి జయజయధ్వానాలు చేశారు! శత్రువుకు జై కొట్టటం ఎక్కడైనా విన్నారా?

ఇంతలో ఎమ్డెన్ వదిలేసిన లొరెడానో అనే ఇటాలియన్ ఓడ కెప్టెన్ సంగతి బ్రిటిష్ వారికి చెప్పాడు. వెంటనే బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు ఆగిపోయినవి. రేవుల్లో సరుకు పేరుకుపోయింది. ఓడలకు బీమా ధర మండిపోయింది. ఒక్క ఓడ చేసిన పని ఇది!

మద్రాసు మీద గుళ్ళవాన

అప్పట్లో ఓడలరేవు గోదావరి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. తెలుగువారికి కూడా మద్రాసే ముఖ్యపట్టణం. చదువులకూ, కోర్టు పనులకూ, వ్యాపారాలకూ మనవాళ్ళు అక్కడికే పోయేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను దినపత్రికగా అక్కడ మొదలుపెట్టింది ఆ ఏడు ఏప్రిల్‌లోనే.

1914 సెప్టెంబరు 22. మంగళవారం రాత్రి. అప్పటి దీపస్తంభం మద్రాసు హైకోర్టు భవనం శిఖరం మీద ఉండేది. యుద్ధకాలమైనా ఆ దీపం వెలుగుతూనే ఉన్నది. రేవులో దీపాలు కూడా ఆర్పలేదు. ఇంత దూరం ఎవరు వస్తారనుకున్నారు కాబోలు.

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ రేవుకు మూడు వేల గజాల దూరంలోకి వచ్చింది. సెర్చిలైట్లు ఒక్కసారిగా వెలిగినవి. వెలుతురు బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల మీద పడింది. మరుక్షణం ఫిరంగులు మోగినవి. ట్యాంకులు అంటుకుని మంటలు ఆకాశానికి లేచినవి. రేవులో ఉన్న చుప్రా అనే ఓడకూ దెబ్బలు తగిలినవి. ఒడ్డున ఉన్న ఫిరంగులు తేరుకుని బదులు చెప్పేసరికే ఎమ్డెన్ సుమారు 125 గుళ్ళు పేల్చి, దీపాలార్పుకుని చీకట్లో కలిసిపోయింది. ఇదంతా అరగంట లోపల జరిగింది.

ముల్లర్ గురి నూనె ట్యాంకుల మీదనే. కాని గుండుకు కళ్ళుండవు. ఆ రాత్రి కనీసం అయిదుగురు చనిపోయారు. జర్మనీకీ బ్రిటన్‌కూ వచ్చిన తగవులో మద్రాసు ప్రజలకు ఏం సంబంధం? మన దేశం బ్రిటిష్ వారి పాలనలో ఉండటమే సంబంధం. మర్నాటి నుంచి జనం రైళ్ళలో, బళ్ళలో, కాలినడకన వేలమంది పట్నం విడిచి పోయారు. ఎమ్డెన్ మళ్ళీ రాలేదు. కాని వస్తుందన్న భయం చాలాకాలం పోలేదు. తమిళంలో గడుసువాణ్ణి, భయం పుట్టించేవాణ్ణి ‘ఎమ్డెన్’ అనటం ఆనాటి నుంచి వచ్చిందే. మద్రాసు పేరు ఇప్పుడు చెన్నై. అక్కడి హైకోర్టు ఆవరణ గోడకు, ఆ రాత్రి గుండు పడ్డ చోటును తెలిపే ఫలకం ఉన్నది. చెన్నై వెళితే చూసి రండి.

యుద్ధం సంగతి తెలియని దీవి

మద్రాసు నుంచి ఎమ్డెన్ సింహళం చుట్టూ తిరిగి పడమటి వైపు పోయింది. సెప్టెంబరు నెల ఆఖరులోగా మరి కొన్ని ఓడలను ముంచింది. బురెస్క్ అనే ఓడ దొరికితే దానిని ముంచలేదు. ఎందుకో చెప్పగలరా? దాని నిండా మంచి బొగ్గున్నది!

అక్టోబరు 9న ఎమ్డెన్ హిందూ మహాసముద్రం మధ్య ఉన్న డీగో గార్షియా దీవి చేరింది. ఆ దీవిలో కొబ్బరితోటలున్నవి. అక్కడికి ఓడలు వచ్చేది ఎప్పుడో ఒకసారి. అందుచేత యుద్ధం మొదలై రెండు నెలలైనా ఆ సంగతి అక్కడివాళ్ళకు తెలియనే తెలియదు! జర్మన్లు కూడా చెప్పలేదు. ఓడ అడుగున పట్టిన నాచునూ గవ్వలనూ గీకి శుభ్రం చేసుకున్నారు. అవి పట్టిన ఓడ వేగం తగ్గిపోతుంది, బొగ్గు ఎక్కువ తింటుంది. తోట యజమాని మోటారు పడవ చెడిపోయి ఉంటే జర్మన్ నావికులు దానిని బాగుచేసి పెట్టారు కూడా.

అక్టోబరు నడుమ మినికాయ్ దీవి ప్రాంతంలో మళ్ళీ వేట సాగింది. ఆ నెల 28న, తెల్లవారకముందే, దొంగ పొగగొట్టంతో ఎమ్డెన్ మలయా దగ్గరి పెనాంగ్ రేవులోకి జొరబడింది. అక్కడ జెమ్‌చుగ్ అనే రష్యన్ క్రూజరు నిద్రపోతున్నట్టు నిలిచి ఉన్నది. దాని కెప్టెన్ ఆ రాత్రి ఒడ్డున ఉన్నాడు. ఎమ్డెన్ వదిలిన టార్పెడోలతో ఆ ఓడ ముక్కలైంది. 80 మందికి పైగా నావికులు చనిపోయారు. బయటికి పోతూ ఎమ్డెన్ మూస్కే అనే చిన్న ఫ్రెంచి యుద్ధనౌకను కూడా ముంచింది. ఆ తరవాత అక్కడే ఆగి, నీళ్ళలో కొట్టుకుంటున్న 36 మంది ఫ్రెంచివాళ్ళను పైకి తీసింది. గాయాలతో చనిపోయినవాళ్ళకు ముల్లర్ సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిపించాడు. మిగతావాళ్ళను దారిలో కనబడిన ఒక బ్రిటిష్ వ్యాపార ఓడలో పంపేశాడు.

ఒక్క వైర్‌లెస్ కబురు

కోకోస్ దీవులు ఆస్ట్రేలియాకు వాయవ్యంగా, సముద్రం మధ్య ఉన్నవి. వాటిలో డైరెక్షన్ అనే దీవి మీద వైర్‌లెస్ స్తంభమూ, సముద్రం అడుగున పోయే టెలిగ్రాఫు తీగల కేంద్రమూ ఉండేవి. దానిని పాడుచేస్తే బ్రిటన్, ఆస్ట్రేలియాల మధ్య కబుర్లకు దెబ్బ తగులుతుందని ముల్లర్ ఆలోచన. నవంబరు 9 ఉదయాన ఆయన ఫాన్ మ్యూకె అనే అధికారిని సుమారు 50 మందితో దీవికి పంపాడు.

కాని ఒడ్డున ఉన్నవాళ్ళు ఆ నాలుగో పొగగొట్టాన్ని పరీక్షగా చూశారు. అది గుడ్డతో చేసినదని కనిపెట్టారు! ఇన్నాళ్ళు ఓడను కాపాడిన దొంగ పొగగొట్టమే ఆనాడు దాన్ని పట్టి ఇచ్చింది. జర్మన్లు వచ్చి పడేలోగా కేంద్రం వాళ్ళు, ‘గుర్తు తెలియని ఓడ వచ్చింది’ అని వైర్‌లెస్ కబురు పంపేశారు.

జర్మన్లు యంత్రాలు పగలగొట్టారు. వైర్‌లెస్ స్తంభాన్ని కూల్చబోతూ ఉంటే, “అయ్యా, మా టెన్నిసు కోర్టు మీద పడకుండా కూల్చండి!” అని అక్కడివాళ్ళు అడిగారు. జర్మన్లు అలాగే చేశారు.

అంతలోనే అసలు ముప్పు వచ్చిపడింది. ఆ వేళకు ఆస్ట్రేలియా, న్యూజీలాండు సైనికులను మోసుకుపోయే ఓడల వరస ఒకటి అక్కడికి 50 సముద్రపు మైళ్ళ దూరంలోనే పోతున్నది. వాటికి కాపలాగా ఉన్న సిడ్నీ అనే యుద్ధనౌక కబురు అందగానే బయలుదేరింది. అదీ తేలిక క్రూజరే. కాని ఎమ్డెన్ కన్న పెద్దది, కొత్తది, వేగం కలది. ఎమ్డెన్ గుండు బరువు సుమారు 17 కిలోలైతే సిడ్నీ గుండు 45 కిలోలు.

ముల్లర్ దీవి మీది తనవాళ్ళ కోసం ఆగకుండా ఎదురు వెళ్ళాడు. మొదట ఎమ్డెన్ గుళ్ళే తగిలినవి. తరవాత సిడ్నీ దూరంగా ఉండి, ఎమ్డెన్ గుళ్ళు సరిగా అందనిచోటి నుంచి కొట్టసాగింది. ఒకదాని తరవాత ఒకటిగా మూడు పొగగొట్టాలూ కూలినవి. స్తంభం విరిగింది. గంటన్నర పోరాటం తరవాత, ఓడ మునిగి మనుషులంతా చావటం కన్న మేలని, ముల్లర్ దానిని నార్త్ కీలింగ్ దీవి మెట్టకు ఎక్కించేశాడు. ఎమ్డెన్‌లో 130 మందికి పైగా చనిపోయారు. సిడ్నీలో నలుగురు చనిపోయారు. ముల్లర్ యుద్ధఖైదీ అయినాడు. యుద్ధం అయినాక స్వదేశం చేరి, 1923లో మరణించాడు.

దీవి మీద మిగిలిపోయిన 50 మంది ఏమైనారంటారా? వాళ్ళు తమ ఓడ ఓడిపోవటం ఒడ్డు నుంచి చూశారు. అక్కడ అయెషా అనే పాత తెరచాప ఓడ ఉంటే, అదే రోజు దానిలో ఎక్కి సుమాత్రా చేరారు. అక్కడి నుంచి అరేబియాకు పోయి, ఎడారి దాటి, 1915లో ఇస్తాంబుల్ చేరుకున్నారు. అది మరొక పెద్ద కథ.

ఏమని చెప్పుకోవాలి?

బతికి బయటపడ్డ నావికులకు జర్మన్ ప్రభుత్వం ఒక గౌరవం ఇచ్చింది. వాళ్ళు తమ ఇంటిపేరు చివర ‘ఎమ్డెన్’ అని చేర్చుకోవచ్చునని అనుమతించింది. ఎమ్డెన్ ఫిరంగి ఒకటి ఈనాటికీ ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు హైడ్ పార్కులో ఉన్నది. దెబ్బతిన్న ఓడ ఆ దీవి మెట్ట మీదనే చాలా ఏళ్ళు పడి ఉన్నది. 1950ల్లో ఇనుము కోసం దానిని కోసి తీసుకుపోయారు.

రెండు నెలల్లో ఆ ఓడ ఇరవైకి పైగా వ్యాపార ఓడలను పట్టుకున్నది. సముద్రం మీద పట్టుకున్న ఆ ఓడల్లోని మనుషులను చంపకుండా దింపింది. అందుకనే దానితో పోరాడినవాళ్ళు కూడా ముల్లర్‌ను మంచి మనిషి అన్నారు. అది నిజమే. చేతిలో ఫిరంగి ఉన్నవాడు కూడా జాలిని వదులుకోనక్కరలేదని ఆయన చూపించాడు.

కాని అదే ఓడ గుళ్ళకు మద్రాసులో, పెనాంగులో మనుషులు చనిపోయారు. చివరకు ఆ ఓడలోని వాళ్ళే అనేకమంది చనిపోయారు. ముల్లర్ ఎంత మంచివాడైనా ఆయన చేతిలోని పని మాత్రం యుద్ధమే. మంచి మనుషుల చేత కూడా ఇటువంటి పని చేయించేది గనకనే యుద్ధం చెడ్డది. మనిషి మర్యాదను మెచ్చుకోండి, యుద్ధాన్ని మెచ్చుకోకండి.

ఈసారి ఓడలరేవు పోయినప్పుడు ఒడ్డున నిలబడి ఆ గీతకేసి చూడండి. ఈనాడు అక్కడ చేపల పడవలున్నవి, సముద్రం అడుగు నుంచి వచ్చే గ్యాసు కోసం ఒడ్డున కట్టిన కేంద్రం ఉన్నది. గీత కవతల ఎక్కడో సరుకుల ఓడలు పోతూ ఉంటవి. అవి మీ కంటికి కనబడవు. వాటిలో ఉన్నవాళ్ళ కోసం కూడా ఏదో ఒక ఊళ్ళో పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు.